రెండో పేరు సుక్కమ్మది

ల్యాబులో స్పిరిట్ దీపం మంటలో తీగ ఎర్రబడింది. నర్మద దాన్ని పక్కకు తీసి మనసులో ఇరవై లెక్కపెట్టుకుంది. పాత గాజుగొట్టంలో మీగడలా పేరుకున్న బ్యాక్టీరియాను కంటికి ఆనీ ఆననంత తీసుకొని, కొత్త గొట్టంలోని జెల్లీలాంటి మేత మీద సన్నగా గీసింది. దూది బిరడా బిగించింది. మూడు నెలలకోసారి ఈ పని. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు, తల్లి పోయిన వారంలో కూడా. ఇవాళ సాయంత్రం ఆమె రిటైరవుతోంది.

ఇబ్రహీంపట్నం కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే నర్మదను బస్సులో చూసినవాళ్లెవరూ పరిశోధకురాలనుకోరు. నూలు చీర, భుజాన గుడ్డసంచి, మంట తగిలి తగిలి నల్లబడ్డ బొటనవేలి గోరు. రిటైరవుతున్నందుకు ఆమెకు దిగులేం లేదు. దిగులంతా ఆ గొట్టం గురించే. సమయానికి మేత మార్చకపోతే లోపలి ప్రాణం పోతుంది. అది పుట్టిన కందిచేను మన్నెగూడ దగ్గర ఏనాడో ప్లాట్లయిపోయింది. భూమ్మీద అది మిగిలింది ఈ గాజులోనే. పోనీ ఎవరికైనా అప్పగిద్దామా అంటే, అడగడానికి నోరు రావడం లేదు. ఎవరి పనులు వాళ్లకున్నాయి మరి!

నిరుడే చేరిన లెక్చరర్ హిమజ ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది.

“మేడం, మీ పేపర్‌ను ఎంతమంది తమ పేపర్లల్ల ప్రస్తావించిండ్రో కాలేజీ ఫారంల నింపాలె.” తెర చూసి గొంతు తగ్గించింది. “పంతొమ్మిదే చూపిస్తున్నది.”

“పంతొమ్మిదా! పోయినేడు పదిహేడే ఉండె. నయమే,” అని నర్మద నవ్వింది.

పక్కగది ధర్మేందర్‌ సారుకు తొమ్మిది వందలున్నాయి. పాపం, హిమజ ఆ మాట ఎత్తలేదు.

“రాసినోళ్లల్ల మీ పేరు తర్వాత వై. సుక్కమ్మ అని ఉన్నది. ఏ యూనివర్సిటీ మేడం?”

“మన్నెగూడల కందిచేను.”

హిమజ నోరు తెరిచింది. నర్మద స్టూలు లాక్కొని చెప్పింది.

నర్మద పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి, కరువు సంవత్సరం. చుట్టుపక్కల కంది అంతా వాడిపోతే సుక్కమ్మ చేను మాత్రం పచ్చగా ఉంది. వేళ్ల బుడిపెలు కావాలని నర్మద చెట్టు పీకబోయింది. “ఆగు బిడ్డా! గట్ల గుంజితే బుడిపెలన్ని మట్టిలనే ఉంటయి,” అని సుక్కమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. గడ్డపారతో చుట్టూ తవ్వి, చెట్టును మట్టిగడ్డతో సహా లేపి, తడి గోనెలో కట్టిచ్చింది. ఆ బుడిపెల్లో దొరికిందే ఈ బ్యాక్టీరియా. వ్యాసం చివర సుక్కమ్మకు కృతజ్ఞతలు రాస్తే, టైపు చేసినాయన ఆ పేరును తీసుకెళ్లి రచయితల వరుసలో పెట్టాడు. అచ్చయ్యాక గాని ఎవరూ చూడలేదు. అక్షరం రాని మనిషి రచయిత్రి ఏమిటని గైడు చిందులు తొక్కాడు.

“తప్పయిందని పత్రికకు ఉత్తరం రాసి సంచిల పెట్టుకున్న. పోస్టు చేసే ముందు సుక్కమ్మక్కకు పేపర్ కాపీ ఒకటి ఇద్దామని పోయిన. పేరు ఎక్కడున్నదో చూపిస్తే దాని మీద వేలు పెట్టి, ‘ఇది నేనేనా?’ అన్నది. పట్టా పాస్‌బుక్కుతోటి కలిపి పెట్టెల దాచుకున్నది. వాపసొచ్చేటప్పుడు బస్సులనే ఆ ఉత్తరం చింపేసిన,” అంది నర్మద. “అక్క పోయి ఆరేండ్లాయె. నా డిగ్రీ, నా కొలువు, ఈ పంతొమ్మిది, అన్నీ ఆమె తవ్విచ్చినయే. మస్తు అదృష్టం హిమజా నాది.”

హిమజ గొట్టం వైపు చూసింది. “రేపటి సంది దీన్ని ఎవరు చూస్తరు?”

నర్మద దీపం వత్తి సరిచేస్తూ కూచుంది.

“నాకు నేర్పియ్యిండ్రి మేడం.”

నర్మద కళ్లు చెమర్చాయి. చప్పున లేచి తీగ, ఇంకో కొత్త గొట్టం చేతికిచ్చింది. హిమజ తీగను మంటలో కాల్చి, ఎర్రగా ఉండగానే పాత గొట్టంలో పెట్టబోయింది.

“అయ్యో, సల్లారనియ్యవా! కాల్చి సంపుతవా దాన్ని?” అంది నర్మద, అచ్చం సుక్కమ్మలాగే చెయ్యి పట్టుకొని.

ఇద్దరూ కలిసి ఇరవై లెక్కపెట్టారు. హిమజ గీసిన గీత వంకర పోయింది. “ఏం ఫికర్ లేదు. మూడు రోజులాగి చూడు,” అంది నర్మద.

సాయంత్రం శాలువా కప్పారు, మిఠాయి పంచారు, ధర్మేందర్ సారు చాలాసేపు మాట్లాడాడు. ఐదింటికి నర్మద గుడ్డసంచి భుజాన వేసుకొని, ల్యాబు బల్లను ఒకసారి అరచేత్తో తడిమి, మెట్లు దిగి బస్సెక్కింది.

మూడోనాటికి గొట్టంలో వంకరగీత పొడుగునా తెల్లగా మీగడ పొంగింది. హిమజ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. గొట్టం మీది చీటీలో ‘సుక్కమ్మ-7’ అని ఆ బ్యాక్టీరియా పేరు నర్మద చేతిరాతలో, దాని కింద మళ్లీ మేత మార్చాల్సిన తేదీ, హిమజ రాతలో.