నీలం పిల్ల

సునాబెడ క్వార్టర్స్‌లో అమ్మన్నమ్మ పెంచే బడ్జీ పిట్టల జంట రెండూ ఆకుపచ్చవే. అవి గుడ్లు పెట్టిన వారమే ఆమెకు గుణుపూర్ వెళ్లాల్సివచ్చి, పంజరాన్ని పక్కింటి మేధకు అప్పగించింది. నెల తర్వాత వచ్చి చూస్తే గూటిపెట్టెలో రెండు ఆకుపచ్చ పిల్లలు, ఒక నీలం పిల్ల. మేధ పెంచేవన్నీ నీలం బడ్జీలే.

“నా గుడ్డు ఏటి సేసేవమ్మి?”

“మేత పెట్టడం తప్ప ఏదీ ముట్టుకోలేదు పిన్నీ,” అంది మేధ.

అమ్మన్నమ్మ నమ్మలేదు, మాటలు మానేసింది. పంజరాన్ని పడకగదిలో పెట్టి తాళం వేసుకుంది. పక్కింటి తలుపు చప్పుడైతే చాలు, కిటికీలోంచి తొంగిచూసేది.

రెండో విడత పిల్లలకు ఈకలొచ్చేసరికి వాటిలోనూ ఒకటి నీలం.

మేధ ఇంటి తలుపు తట్టడానికి అమ్మన్నమ్మకు రెండు రోజులు పట్టింది.

“తాళమేసిన గదిలో కూడా నీలమే పుట్టిందమ్మి. నిన్ను ఊరికే అనుమానించేను.”

మేధ తలుపు పూర్తిగా తీసింది.