మల్బా పడే చోట

విజిల్ అంకయ్య నోట్లోనే ఉండిపోయింది. ఐదో అంతస్తు నుంచి పడ్డ గోడపెళ్ల అతనికి ఊదే వ్యవధి కూడా ఇవ్వలేదు; అక్కడికక్కడే ప్రాణం పోయింది. పైన అంచున ఖాళీ తట్టతో నిలబడ్డ రేవతి కిందికి తొంగి చూసింది. ఆ తట్ట వంచింది తనే.

జనక్‌పురిలో పాత భవనం పై అంతస్తులు పగలగొడుతున్నారు. ఆ మల్బా, పగిలిన ఇటుకా పెళ్లలూ, దించడానికి నేల దాకా వచ్చే పెద్ద ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఉండకేం, భేషుగ్గా ఉంది! తనిఖీకి అధికారి వచ్చిన రోజు దాన్ని కిటికీకి బిగిస్తారు, ఫొటో తీస్తారు, సాయంత్రానికి విప్పి గదిలో పడేసి తాళం వేస్తారు. గొట్టంలో పోస్తే పని సాగదట, కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు మాట! మిగతా రోజులన్నీ పైనుంచి తట్టలతో పోయడమే; కింద జనాన్ని ఆపడానికి అంకయ్య, అతని విజిల్.

మర్నాడు పొద్దున్నే వీరరాఘవులు కూలీలందరినీ పోగేశాడు. పాలమూరు నుంచి వాళ్లను తోలుకొచ్చిన మేస్త్రి అతను.

"పోసింది రేవతి. నోర్మూసుకొని పని చేస్తే సరే. లేకుంటే కేసు దానిమీదనే. ఠేకేదారు సాబ్ చెప్పిండు."

అందరూ తలలు దించుకున్నారు. నిన్నటి నుంచి ముద్ద మింగని రేవతి లేచింది.

"అవ్, నేనే పోసిన. జైలుకు పోత, రాయి! గొట్టం ఎవరు ఇప్పిన్రో అదిగూడ రాయి. తాళంచెయ్యి ఎవరి తాన ఉన్నదో రాయి!"

వీరరాఘవులు చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది. అందరూ చూశారు.

"ఏం చూస్తుండ్రు? నడువుండ్రి పనికి!" అంటూ అంకయ్య విజిల్‌ను కూలీల్లో ముందున్న సాయినాథ్ వైపు చాచాడు. సాయినాథ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పక్కనున్నవాడూ కట్టుకున్నాడు.

అప్పుడు అంకయ్య భార్య సరోజ కదిలింది. నెత్తుటి మీద ఇసుక చల్లిన చోటికి పోయి నిలబడింది.

"రేవతీ, ఇట్లరా."

కొడుతుందనుకుంది రేవతి. కొట్టినా బాగుండుననుకుంది. సరోజ ఆమె మణికట్టు పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది.

"ఇగ పొయ్యమను మేస్త్రీ. మా నెత్తిమీద పొయ్యమను!"

సాయినాథ్ వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఒక్కొక్కరే నలభై మంది. పైన ఒక్క పార చప్పుడు లేదు.

వీరరాఘవులు పక్కకు పోయి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. గొంతు మెత్తబడింది. "ఠీక్ హై. గొట్టం బిగిస్తం. ఒక ఫొటో దిగుదాం. అయిపాయె."

ఫొటో! సరోజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాబ్ పోలీసులను పిలిచిండు, చెప్తున్న!" మళ్లీ గొంతు పెంచాడు వీరరాఘవులు.

"రానీ," అంది రేవతి. తట్ట వంచిన చేతినే ముందుకు చాచింది. "గొట్టం ఏడ దాసిన్రో వాళ్లకు నేనే చూపిస్త. వాళ్లొచ్చేలోపు తాళంచెయ్యి ఇటియ్యి."