మొండి కొన

మా ప్రభువుగారు రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఏనుగు దంతం చెక్కేవారు. రాచబిడ్డలకు చిన్నప్పుడే ఒక చేతిపని నేర్పడం మా దేశంలో ఆనవాయితీ. ఆయనకు ముక్కను గుండ్రంగా తిప్పే తరిమెన మీద ఉలి పట్టడం నేర్పింది మా నాన్న లోరెంజ్. ప్రభువు చెక్కుతుంటే నాన్న పక్కన నిలబడేవాడు. నేను వెనక పెద్ద చక్రం తిప్పేదాన్ని. తరిమెనకు బిగించిన దంతపు ముక్క గిర్రున తిరుగుతుంటే మెత్తటి తెల్ల పొడి రాలి గుమ్మం దాకా పరుచుకునేది. ఆ పొడే నాన్న రొమ్ములో చేరింది. కిందటి చలికాలం పట్టుకున్న దగ్గు వేసవిలో కూడా వదల్లేదు.

కొండమీద మేనత్త ఆగ్నెస్ ఇల్లుంది. మళ్లీ చలి ముదిరేలోగా ఆయన్ని అక్కడికి చేర్చాలని నా ఆశ. కానీ కోటలో కొలువున్నవాడు ప్రభువు వదలందే కదలలేడు. ప్రభువు వదులుతానన్నారు, ఒక షరతు మీద. కోటలో అపురూప వస్తువులు దాచే వింతల గదిలో పెట్టదగ్గది ఒక్కటైనా ప్రభువు మొదటి నుంచి చివరి దాకా తన చేతులతోనే చెయ్యాలట. అది పూర్తయితే నాన్నకు సెలవు.

ఆయన ఎంచుకున్నది చిల్లుల బంతి. బంతి లోపల విడిగా కదిలే నక్షత్రం ఉండాలి, ఒక్కో చిల్లులోంచి ఒక్కో కొన బయటికి పొడుచుకురావాలి, అంతా ఒకే దంతపు ముక్కలో. చేసినది చేసినట్టే పగిలేది. వింతల గది కాపలా చూసే టోబియాస్ తాత సాయంత్రం తలుపులోంచి తొంగిచూసి, "ఏమ్మా ఊర్సెల్, మన కోడి ఇవాళైనా గుడ్డు పెట్టిందా?" అని అడిగేవాడు. నాకు నవ్వే ఓపిక ఉండేది కాదు.

తొలిమంచు కురిసిన రోజున బంతి నిలిచింది. ఉలి జారి ఒక కొన మాత్రం మొండిగా విరిగింది. ప్రభువు దాన్ని చాలాసేపు చేతిలో తిప్పి చూసుకుని బల్లమీద పెట్టారు. పొద్దున వచ్చి తానే టోబియాస్‌కి అప్పగిస్తానన్నారు. వెళ్తూ వెళ్తూ నాన్న భుజం మీద చెయ్యి వేశారు. నేను మనసులోనే మూట కట్టేసుకున్నాను.

వంటింటికి వెళ్లి గంజి తెచ్చేసరికి నాన్న చేతిలో ఆకురాయి ఉంది. బల్లమీద కొత్త పొడి. మొండి కొనను నునుపు చేసి, దానికి సమంగా మిగతా కొనలన్నీ అరగదీసేశాడు.

ఏం చేశావని అడిగాను. శిష్యుడి పని గురువు చేతిమీదుగా సాపు కాకుండా గడప దాటకూడదు, మిగిలిన గాటు గురువు పరువుకే మచ్చ. మా వృత్తిలో అది కట్టుబాటు. ప్రభువు చిన్ననాటి నుంచి చేసిన ప్రతి గిన్నె కూడా అలా సాపయ్యాకే వింతల గదికి వెళ్లింది. షరతు పుట్టింది కూడా అందుకే. అప్పటికి గానీ నాన్నకు ఆ షరతు గుర్తురాలేదు. ఆకురాయి కింద పెట్టి, అరిచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. గంజి చల్లారిపోయింది.

పొద్దున ప్రభువు బంతి తీసుకుని బొటనవేలితో కొన తర్వాత కొన తడిమారు.

"మేస్త్రీ, నా మొండి కొన ఏది?"

"సరిచేశాను ప్రభూ. చెయ్యి ఊరుకోలేదు."

ప్రభువు కోప్పడలేదు. పీట మీద కూలబడి, "వికారంగానే ఉండేది, నిజమే. కానీ నాది," అన్నారు. పెట్టె పట్టుకుని నిలబడ్డ టోబియాస్ తాత మూత తెరిచాడు. బంతి తీసుకుపోయి లోరెంజ్ పేరుమీద పెట్టమన్నారు ప్రభువు. నాన్న పేరు ఆ గదిలోకి వెళ్లడం అదే మొదలు. నాన్న మాత్రం తల ఎత్తలేదు.

ప్రభువు కొత్త ముక్క కోసం చెయ్యి చాపారు. నాన్న దగ్గుతూ లేచాడు. అప్పుడు నేను చక్రం వదిలి ముందుకొచ్చాను.

"నాన్న ఈ పనిగదిలో ఉన్నంతకాలం మీ గాటు మీకు మిగలదు ప్రభూ. పంపించెయ్యండి."

ఆయన నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు.

"మరి చక్రం?"

"నేనుంటాను."

ఆ మధ్యాహ్నం కొండదారిన పోయే కలపబండి ఎక్కాడు నాన్న. నన్ను కూడా రమ్మని ఆయన అనలేదు, నేనూ వస్తాననలేదు. దుప్పటి కప్పి, మేనత్తకు ఏం చెప్పాలో చెప్పాను. బండి కోట మలుపు తిరిగేలోపే పైనుంచి పిలుపొచ్చింది. ప్రభువు భోజనం ముగించారట.