లెఫీతీ మూడో బోర్డు

లారీ కింద పడుకుని ఉన్నంతసేపూ స్పెషలిస్టు లెఫీతీ ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేవాడు. రైఫిల్ గురి ఎంత దూరం అందుతుంది, రక్తం కారుతున్న చేతికి గాయం నుంచి ఎన్ని అంగుళాలు పైన కట్టు బిగించాలి, మ్యాపులో గోధుమ రంగు గీత దేనికి గుర్తు... నేను పక్కన డబ్బా మీద కూర్చుని అడుగుతుంటే, బోల్టు తిప్పుతూనే తడుముకోకుండా చెప్పేసేవాడు. అదే మనిషిని ఇస్త్రీ యూనిఫారంలో, స్పెషలిస్టు నుంచి సార్జెంటు హోదాకి ఎక్కించే ప్రమోషన్ బోర్డు ముందు కూర్చోబెడితే నోరు పెగిలేది కాదు. బోర్డంటే ఒక బల్ల, బల్ల వెనక ఐదుగురు పెద్ద సార్జెంట్లు. అతను అప్పటికి రెండుసార్లు అక్కడ బిగుసుకుపోయి బయటికొచ్చాడు.

నేను అతని స్క్వాడ్ లీడర్ని, స్టాఫ్ సార్జెంట్ వెర్నా బెల్‌కోర్ట్‌ని. అతన్ని తయారుచేసి బోర్డు ముందు నిలబెట్టడం నా బాధ్యత. మూడోసారి కూడా తప్పితే ఇంక నాలుగోసారి లేదు. సార్జెంట్ కాకుండా సైన్యంలో ఉండగలిగే ఏళ్లు అతనికి అయిపోవచ్చాయి.

మా దండు ఉన్నది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో. వాళ్లమ్మ ఉండేది సముద్రం మధ్య అమెరికన్ సమోవాలో, తుతుయిలా దీవిలో. ముప్పై ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసిన మనిషి. లెఫీతీ ప్రశ్నల కాగితాలు ఆవిడకొక కట్ట పంపాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోన్లో ఆవిడ ఒక్కొక్కటే చదివి అడిగేది, ఇతను చెప్పేవాడు. ఒకసారి లారీల షెడ్డులో స్పీకర్ పెడితే నేనూ విన్నాను. జవాబు సరిగ్గానే చెప్పాడు, ఆవిడ తప్పంది.

"అదేంటి, కరెక్టే కదా?" అన్నాను.

లెఫీతీ నవ్వాడు. "అమ్మకి జవాబులు తెలీవు సార్జెంట్. నేను మధ్యలో ఆగితే తప్పంటుంది. ఆగకుండా చెబితే రైటంటుంది."

ఆవిడకి నా గొంతు వినబడింది, ఇంగ్లీషులోనే అందుకుంది. "నువ్వేనా వాడి సార్జెంటువి? వాడికి బెరుకెక్కువ తల్లీ. మెత్తగా ఉండకు, కసురు!"

"కసురుతూనే ఉన్నానండీ."

"చాల్లేదు. ఇంకా కసురు."

నిజానికి అతన్ని తయారుచేసింది ఆవిడే. మార్చి చివరికి లెఫీతీ నిలబడి కూడా చెప్పగలుగుతున్నాడు.

బోర్డు ఏప్రిల్లో ఒక మంగళవారం, ఉదయం తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకి వరండాలో అతని ఛాతీ మీది పతకాల పట్టీని స్కేలుతో కొలుస్తున్నాను. ఫోన్లు లోపలికి తేకూడదు కాబట్టి అతనిది నా కారులోనే ఉంది. మా దండు ఆఫీసు పనులు చూసే సార్జెంట్ ప్రూయిట్ మెట్ల దగ్గర నుంచి నన్ను చెయ్యూపి పిలిచాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, పరుగెత్తుకొచ్చాడేమో ఆయాసపడుతున్నాడు. చేతిలో ఒక కాగితం.

రెడ్‌క్రాస్ సందేశం అది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే సైనికుడికి కబురు ఆ దారినే వస్తుంది. లెఫీతీ తల్లికి మెదడులో రక్తనాళం చిట్లింది. ఇంక కొన్ని గంటలే, కొడుకు రావాలి అని డాక్టరు మాట.

"కెప్టెన్ కాల్పుల రేంజిలో ఉన్నారు, ఫోనెత్తట్లేదు," అన్నాడు ప్రూయిట్. "ఫస్ట్ సార్జెంటేమో లోపల బోర్డులో కూర్చున్నాడు. నువ్వే చెప్పాలి బెల్‌కోర్ట్."

"చెప్తాను."

"ఇప్పుడే."

"చెప్తానన్నాగా ప్రూయిట్!"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లెఫీతీకి ముందు ఇద్దరున్నారు. మనిషికి పది నిమిషాలు చొప్పున, అతని వంతు తొమ్మిదీ ఇరవైకి వస్తుంది, తొమ్మిదిన్నరకల్లా బయటికొచ్చేస్తాడు అని లెక్క వేసుకున్నాను. విమానం ఎలాగూ ఆ గంటలో దొరకదు. ఇప్పుడు చెబితే ఏడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టవుతుంది. ఇలా ఒకటి తర్వాత ఒకటి మనసులో పేర్చుకున్నాను. ఫోన్ అనేది ఒకటుందని మాత్రం తలవలేదు. తలవలేదో, తలవదలుచుకోలేదో.

మొదటివాడే అరగంట తీసుకున్నాడు. తలుపు మూసే ఉంది. లెఫీతీ గోడకి ఆనకుండా, చొక్కా నలగకుండా నిలబడి పెదాలు కదుపుతున్నాడు.

"సార్జెంట్, నోరెండిపోతోంది. ఏదో ఒకటి అడగండి."

"మ్యాపులో నీలం?"

"నీళ్లు."

"నలుపు?"

"మనుషులు కట్టినవి. ఇళ్లు, వంతెనలు... మీకేమైంది, మీ మొహమేంటి అలా ఉంది?"

"నీకంటే నాకే భయంగా ఉందిరా."

అతను నవ్వేశాడు. నా మాట నమ్మాడు.

రెండోవాడు కూడా ఆలస్యం చేశాడు. ప్రతి పది నిమిషాలకీ ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. ఇంతసేపు దాచి ఇప్పుడెలా చెప్పను అని ప్రతిసారీ ఆగిపోయాను. చివరికి పది నిమిషాలు తక్కువ పదికి లోపలి నుంచి పిలుపొచ్చింది. అతను తలుపు తట్టాడు, వెళ్లి సెల్యూట్ కొట్టాడు. వెనక కుర్చీలో నేను కూర్చున్నాను.

ఎంత బాగా చెప్పాడో! సార్జెంటు ప్రమాణం మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున అప్పజెప్పాడు. తుపాకీ, ప్రథమ చికిత్స, పెరేడ్... దేనికీ ఆగలేదు. మధ్యలో కూర్చున్న సార్జెంట్ మేజర్ విట్‌కూమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ కింద పనిచేసేవాడికి ట్రైనింగ్ మధ్యలో రెడ్‌క్రాస్ కబురొచ్చింది. ఏం చేస్తావు?"

ఇది అడుగుతారని నేనే నేర్పిన ప్రశ్న. నా చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

"వెంటనే చెప్తాను సార్జెంట్ మేజర్. వాణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంటికి ఫోన్ కలిపిచ్చి, సెలవు కాగితాలు నేను చూసుకుంటాను."

"ట్రైనింగ్ ఆగిపోతే?"

"మళ్లీ పెట్టుకుంటాం సార్జెంట్ మేజర్."

ఐదుగురూ తలలూపారు.

పదీ పావుకి బయటికొచ్చాం. తలుపు వేసీ వెయ్యకముందే అతను నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "ఆగలేదు సార్జెంట్! ఒక్కచోట కూడా ఆగలేదు! ఫోనివ్వండి, అమ్మ లేచుంటుంది, చెప్పాలి."

నేను కాగితం ఇచ్చాను. చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం పైన సందేశం అందిన టైము అచ్చయి ఉంటుంది. దాని మీద వేలు పెట్టి గోడ గడియారం వంక చూశాడు.

కారు దాకా ఇద్దరం పరుగెత్తాం. అటువైపు ఫోనెత్తింది వాళ్లక్క. వాళ్ల భాష నాకు రాదు, కానీ అతను బండి మీద చెయ్యి ఆనించి మెల్లగా నేల మీదికి జారిపోవడం చూశాను. తర్వాత అతనే చెప్పాడు, నా వైపు చూడకుండా.

"పోయి అరగంటైందట. తెలివిలోనే ఉందట, మాట ఒక్కటే పడిపోయిందట. నేను చేస్తానని అక్క గంటసేపు ఫోన్ ఆవిడ చెవి దగ్గరే పట్టుకు కూర్చుందట."

"లెఫీతీ..."

"సెలవు కాగితాలు చూడండి సార్జెంట్."

చూశాను. టికెట్లు, సంతకాలు అన్నీ మధ్యాహ్నానికల్లా పూర్తిచేశాను. ఆ దీవికి విమానాలు వారానికి రెండే. అతను గురువారం వెళ్లాడు. ఆ సాయంత్రమే నేను సార్జెంట్ మేజర్ దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. "వాడి మేలుకోరే చేశావు. అందుకే నిన్ను తిట్టడానికి కూడా నాకు నోరు రావట్లేదు," అని నా ఫైల్లోకి మందలింపు ఉత్తరం రాశాడు. అది చాలా చిన్న శిక్ష. ఇంకా పెద్దది వేస్తే బాగుండేదనిపించింది.

మూడు వారాలకి లెఫీతీ తిరిగొచ్చాడు. వేరే ప్లటూనుకి మార్చమని అర్జీ రాసి, అది నా బల్ల మీద పెట్టడానికి తనే వచ్చాడు. నేను సంతకం పెట్టి, "క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు," అన్నాను.

అతను నా సంతకం వంక చూశాడు. "మీరు ముందే చెప్పుంటే బోర్డు వదిలేసి వెళ్లేవాణ్ణో, అమ్మతో మాట్లాడి మళ్లీ లోపలికొచ్చేవాణ్ణో. అమ్మైతే, వెళ్లరా వెధవా, బోర్డు ముందు కూర్చో అనే ఉండేదేమో, మాటొస్తే. ఏమో సార్జెంట్, నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు. అదే నిద్ర పట్టనివ్వట్లేదు."

"అది నా తప్పే."

"తెలుసు," అన్నాడు. కోపంగా కాదు. కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో అతనికి సార్జెంట్ పట్టీ పెట్టారు. ఆ పట్టీని మామూలుగా ఇంట్లోవాళ్లెవరైనా వచ్చి ఛాతీకి తగిలిస్తారు. ఎవరొస్తారని అడిగితే, ఎవరూ రారు, మీరే పెట్టండి అన్నాడట సార్జెంట్ మేజర్‌తో. నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. అందరూ వరసగా వెళ్లి చెయ్యి కలుపుతున్నారు. నేను కూడా కొంత దూరం ఆ వరసలో నడిచి, ఇంకా నలుగురు ముందుండగానే పక్కకి తప్పుకుని షెడ్డు వైపు వెళ్లిపోయాను.