కొట్టం గుంజ మీది ఫోను

మా ఫోనుకు ముఖం లేదు. అంకెలు కనపడే చోటు నల్లగా బొగ్గుపెళ్ళలా ఉంటుంది. రెండేళ్ళ కింద ముసురు పట్టినప్పుడు కుడితి తొట్టిలో పడింది. గేదె మూతి పెట్టకముందే తీసి, తుడిచి, బియ్యం గుమ్మిలో పాతిపెట్టాను. నాలుగో రోజు బియ్యం లోపలి నుంచే మోగింది. వెలుగు మాత్రం మళ్ళీ రాలేదు. వెనక మూత ఊడిపోతుంటే రెండు రబ్బరు బ్యాండ్లు వేశాను. బొత్తాల మీద అంకెలు అంతకు ముందే అరిగిపోయాయి. అయితే ఏం, అయిదు మీద చిన్న బొడిపె ఉంటుంది కదా, బొటనవేలు దాని మీద పెడితే మిగతావి ఎక్కడున్నాయో వేలికే తెలుసు. ఊళ్ళో వాళ్ళ చుట్టాల నెంబర్లు నలభై దాకా నాకు నోటికి వచ్చు. ఎవరి పెళ్ళి ఏ సంవత్సరం అయిందో, ఏ ఆవు ఎన్ని ఈతలు ఈనిందో చెప్పగలిగినదాన్ని, పది అంకెలు ఒక లెక్కా.

మా ఊరికి ఆవపల్లిలో బస్సు దిగి గంటన్నర నడవాలి. ఇక్కడ సిగ్నల్ ఒక్కచోటే ఉంటుంది, మా పశువుల కొట్టం మూలగుంజ దగ్గర. అక్కడే ఎందుకుందో నాకు తెలియదు, గేదెకు తెలుసేమో. ఊళ్ళో పిల్లల టచ్ ఫోన్లన్నీ సంచుల్లో పెట్టి ఆ గుంజకు తునికాకు కట్టల్లా వేలాడదీస్తారు. రోజంతా వేలాడినా అవి అలిగిన కోడళ్ళలా నోరు విప్పవు. నా ఫోను ఒక్కటే మోగుతుంది. మోగడం వరకే. ఎత్తితే మాట ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. మోత తెగదు. అందుకని మా ఊరు మోతతోనే మాట్లాడుకోవడం నేర్చుకుంది.

ఒకసారి మోగించి పెట్టేస్తే, క్షేమంగా చేరామని. రెండుసార్లు అయితే, బరువుంది, సైకిల్ తీసుకుని రోడ్డు దాకా రమ్మని. మూడుసార్లు అయితే, పోయిన పని కుదిరింది, ఎసరు పెట్టమని. ఎవరు కొట్టారో ఫోను చూపించదు. ఎవరు ఎక్కడికి పోయారో నాకు తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు.

మా మనవడు నాగార్జున నాకూ ఒక టచ్ ఫోను కొనిచ్చాడు. బొట్టు పెట్టుకోవడానికి అద్దంలా బాగా పనికొస్తుంది.

ఆ నాగార్జున పెళ్ళి సంగతే చెప్పబోతున్నాను. బీజాపుర్‌లో ఐటీఐ చదివినప్పుడు భూపాలపట్నం పిల్లను చూసుకున్నాడు. పేరు నవీన. పిల్లకూ ఇష్టమే. తల్లి ఊర్మిల మాత్రం ఒక్కటే పట్టు పట్టింది, ఫోను అందని ఊరికి బిడ్డనివ్వనని. నా కొడుకూ కోడలూ మిరపకాయలు కోయడానికి చెర్ల పోయి ఉన్నారు. అందుకని మా ముసలాయన సీతారాములే అడగడానికి బయల్దేరాడు. ఈసారి కాదంటే ఆమె వేరే సంబంధం ఖాయం చేస్తుందని నవీన చెప్పి పంపింది. నాగార్జున రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ముసలాయన పోయిన మరుసటి రోజు పొద్దున్నే వాడు గుంజ దగ్గరే మకాం పెట్టాడు. గేదె పాలు పిండుతుంటే నా నెత్తి మీద నిలబడ్డాడు.

"నాయినమ్మా, తాత ఎన్ని కొడతడు?"

"కుదిరితే మూడు."

"కుదరకపోతే?"

"కుదరకపోతే ఎవడన్న మోగిస్తడా? మూతి ముడుచుకొని వస్తడు."

వాడికి ఆ జవాబు నచ్చలేదు. గుంజకు ఆనుకుని నిలబడితే సిగ్నల్ ఆగిపోతుందేమోనని జరిగాడు. జరిగితే పోతుందేమోనని మళ్ళీ ఆనుకున్నాడు.

అప్పుడు మోగింది. ఒకటి. ఆగింది. మళ్ళీ మోగింది. నా చేతిలో చెంబు ఆగింది. మూడోసారి బాగా పొడుగ్గా మోగి ఆగిపోయింది.

నాగార్జున గుంజను వదిలి పోయి గేదె నుదుటి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

ఇంక ఆలస్యమెందుకు. మూడిళ్ళ నడుమ ఉన్న జాగాలో పెద్ద గంజు ఎక్కించాం. రెండు కోళ్ళు కోశాం, చింతపులుసు కాచాం, ఆడవాళ్ళు ఆకులు కుట్టారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఊరంతా బంతిలో కూర్చుంది. నాగార్జున కొత్త చొక్కా వేసుకుని, కూర్చోమంటే కూర్చోకుండా నీళ్ళు పోస్తూ తిరిగాడు.

రెండో బంతి నడుస్తుండగా బాట మీద ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ముఖమంతా దుమ్ము, చేతిలో సంచి. మాడ భార్య చుట్టమేమో అనుకున్నాను. మాడ మా పక్కింటివాడు, ఆరోజు ఎద్దును చూడడానికి ఆవపల్లి సంతకు పోయాడు. వాళ్ళింటికి చుట్టాలు ఇట్లాగే చెప్పకుండా వస్తారు. చెయ్యి పట్టి చివర కూర్చోబెట్టి ఆకు వేశాను. పాపం బాగా ఆకలి మీద ఉంది. తలెత్తకుండా తిని, కోడికూర మళ్ళీ అడిగింది. పులుసు పోస్తుంటే అప్పుడు మాట కలిపింది.

"ఏం పెద్దమ్మా, ఇయ్యాల ఏం పండుగ?"

"పండుగ కాదు బిడ్డా. మా మనవడికి పిల్ల కుదిరింది."

"మంచిది. ఏ ఊరి పిల్ల?"

"భూపాలపట్నం."

"మాదీ అదే గద. ఎవరి బిడ్డ?"

"ఎవరో ఊర్మిల అంట. మొగడు లేడు, ఒక్కతే సాకింది. నోరు పెద్దది గని మనసు మంచిదంట."

ఆమె చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగింది.

"నోరు పెద్దదని ఎవరు చెప్పిండ్రు?"

"మా వాడే. ఇంకింత పులుసు పొయ్యనా?"

"పెద్దమ్మా, ఆ ఊర్మిలను నేనే. పిల్లనిస్తనని నేనెప్పుడన్న?"

పులుసు ఆకులో పడాల్సింది నా పాదం మీద పడింది. నాగార్జున నీళ్ళ బిందె అక్కడే దించి కొట్టం వైపు నడిచాడు.

మావైపు పిల్ల తరఫు వాళ్ళు మాట ఖాయమయ్యేదాకా పిల్లవాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ముట్టారంటే ఇచ్చినట్టే. ఈమె ఎవరిదో ఊరిబంతి అనుకుని రెండుసార్లు కోడికూర తిన్నది.

"అన్నం పెట్టి నా బిడ్డను గుంజుకుంటరా?" అంది ఊర్మిల.

"నేను పెట్టింది ఒక్కసారి. రెండోసారి నువ్వే అడిగినవ్ గద తల్లీ," అన్నాను. నిజమే కదా.

అంతలో మా ముసలాయన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. గంజు వైపు చూశాడు, బంతి వైపు చూశాడు.

"ఇంతమంది ఏందే, ఎవరన్న పోయిండ్రా?"

"నువ్వు మూడు కొట్టినవ్ గద?"

"నా దగ్గర ఫోనేడిది? ఈ బిడ్డ మన ఊరిని కండ్లతో చూస్తేనే మాట చెప్తనన్నది. తోలుకొస్తున్న. వాగు దగ్గర చెప్పు తెగితే ఈమెను ముందు పంపిన."

"ఆమె ఫోన్‌తోనన్న కొట్టించకపోయినవ్?"

"ఏమని కొట్టాలె? కుదిరిందని లేదు, కుదరలేదని లేదు. దానికి మన దగ్గర లెక్కుందా?"

దానికి లెక్క లేని మాట నిజమే. మరి ఆ మూడు ఎవరివి? అందరం ఒకరి ముఖాలొకరం చూసుకుంటుంటే మాడ ఎద్దు లేకుండా ఖాళీ చేతులతో సంత నుంచి వచ్చాడు. వచ్చినవాడు ముందు ఆకు వేసుకుని కూర్చున్నాడు, తరవాత విషయం విన్నాడు.

"నేనే కొట్టిన అక్క. చేరిన్నని ఒకటి."

"ఒకటైతే మూడెందుకు మోగింది?"

"సంతల ఎవరిదో ఫోను అడిగి కొట్టిన. నీ దగ్గర మోగిందో లేదో నాకెట్ల తెలుస్తది? అందుకని ఇంకోటి. దానికీ నమ్మకం రాలె. మూడోది గట్టిగ కొట్టిన."

"మరి ఎద్దు?"

"నచ్చలె. కుంటిది. కూర బాగుంది అక్క, ఎవరికి పెండ్లి?"

ఊర్మిల పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో నేను సాక్ష్యం చెప్పలేను. కాసేపటికి పైట తీసి మామూలు గొంతుతో మాట్లాడింది.

"అన్నం సంగతి పక్కన పెట్టుండ్రి. మా చెల్లెను ఇట్లనే అడివి ఊరికిచ్చిండ్రు. దానికి కాన్పు కష్టమైతే మాకు అయిదో నాటికి తెలిసింది. బతికింది, అది వేరే సంగతి. ఆ అయిదు రోజులు మేమింటికాడ నవ్వుకుంట తిరిగినం. అది నాకు ఇప్పటికీ మింగుడు పడలె. నా బిడ్డకు జ్వరమొస్తే నాకు ఎన్నో నాటికి తెలుస్తదో చెప్పుండ్రి. తెల్వదంటే ఇప్పుడే లేచిపోత."

బంతిలో ఎవరూ ముద్ద ఎత్తలేదు. నాగార్జున తన టచ్ ఫోను పట్టుకుని కొట్టం కప్పు మీదికి ఎక్కాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఫోను పట్టుకుని వాడు ఆకాశానికి దండం పెడుతున్నట్టే ఉంది కానీ పలికినవాళ్ళు లేరు. దిగేటప్పుడు చొక్కా చిరిగింది.

"నీ బిడ్డ నెంబరు చెప్పు," అన్నాను ఊర్మిలను గుంజ దగ్గరికి తీసుకుపోయి. ఆమె చెప్పింది. చూపు లేని ఫోను మీద నా వేలు నడుస్తుంటే వింతగా చూసింది. అవతల మోగింది. ఫోను ఆమె చెవికి పెట్టాను.

"హలో... ఎవ... అమ్... నువ్..."

"నవీనా, నేనే. ఇక్కడున్న. వినపడుతున్నదా?"

తెగింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే వరస. మూడోసారికి ఊర్మిల ఫోను నా చేతిలో పెట్టేసింది.

"ఇది ఫోనా? నత్తి పట్టిన కోడి లెక్కున్నది."

"మాట కోసం దాంతోని కొట్లాడకు. మాట దాని వల్ల కాదు. ఒక్క ముక్కనే పది సార్లు చెప్పు, ఏదో ఒకటి పోయి తగుల్తది. జవాబు మోతతోని రమ్మను."

ఊర్మిల ఆలోచించింది. తరవాత కొట్టం గుంజను కౌగిలించుకుని, నేను కలిపిన ఫోనులోకి, "బాగుంటే రెండు కొట్టు, రెండు కొట్టు" అని తెగేదాకా అరిచింది. ఆమె నోటి గురించి మా వాడు చెప్పింది తప్పు కాదు.

ఫోను గుంజకు వేలాడదీశాం. ఊరంతా ఎంగిలి చేతులు ఎండిపోతున్నా కదలకుండా కూర్చుంది. గేదె నెమరు ఆపలేదు కానీ, ఆపినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

మోగింది. ఊర్మిల వేలు ముడిచింది. మళ్ళీ మోగింది. ఊర్మిల గట్టిగా ఊపిరి వదిలి గుంజ పక్కనే కూలబడింది. "విన్నది," అంది. "బాగున్నది నా తల్లి."

అప్పుడు మూడోది మోగింది.

"మూడేంది?" అంది ఊర్మిల. "నేను రెండన్న."

మాడ ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు, ఈసారి తాను కాదని. అందరూ నాగార్జున వైపు చూశారు. వాడు గేదె వైపు చూశాడు.

"మీ ఊరి లెక్క నా బిడ్డకు తెలుసా?"

"కొంచెం తెలుసత్తా."

"ఎప్పటి సంది?"

"ఐటీఐ నుంచి."

ఊర్మిల గుంజకు వేలాడుతున్న ఫోను వైపు తిరిగింది. "ఒంట్లో ఎట్లున్నదే అని నేనడిగితే, ఎసరు పెట్టమని అది చెప్తది," అంది, ఎవరితోనో కాదు, ఫోనుతోనే. తరవాత లేచి వచ్చి తన ఆకు ముందు కూర్చుంది. "అన్నం పెట్టు అత్తమ్మా. మొత్తం తినే పోత. కూరల ఉప్పు తక్కువైంది, ఇందాక చెప్పలె, పరాయి ఇల్లని."

మా ముసలాయన అప్పుడు చెప్పు కింద పడేసి తానూ ఆకు వేసుకున్నాడు.

ఎండాకాలంలో పెళ్ళి చేశాం. ఊర్మిల పెళ్ళి పీటల దగ్గరే ఒక షరతు పెట్టింది, మీ మూడు లెక్కలు మీ ఊరివి, నాకు నా లెక్కలు కావాలని. నాలుగు అంటే కొట్టింది ఆమేనని, అంతా క్షేమమని. అయిదు అంటే జ్వరం. ఆరు అంటే నవీనను నాలుగు రోజులు పంపమని. ఏడు అంటే నాగార్జున మీద కోపమని. ఎనిమిది కోపం పోయిందని. తొమ్మిది వస్తున్నానని, రోడ్డుకు సైకిల్ పంపమని. పాలు పిండుతూ లెక్కపెడుతుంటే నాకు చెంబులో ఎన్ని పాలున్నాయో మతికి ఉండడం లేదు.

మొన్న పొద్దున పదకొండు మోగాయి. పదకొండుకు మేమేమీ అనుకోలేదు. నవీన ముఖం తెల్లబోయింది, నాగార్జున సైకిల్ బయటికి తీశాడు, మా ముసలాయన కొత్త చెప్పులు వేసుకున్నాడు. నేను తిరిగి కలిపి నవీన చేతిలో పెట్టాను.

"అమ్మా, ఏమైంది? పదకొండేంది?"

"ఏం లే... ఊరి... నిన్ను అనుకు... ఊరికే..."

తెగింది. నవీన ఫోను నా చేతికే తిరిగిచ్చింది. తరవాత నన్ను నెంబరు కలపమని, మోగిన వెంటనే పెట్టేసి, మళ్ళీ కలపమంది. అట్లా పదకొండుసార్లు కలిపాను. లోపల పొయ్యి మీద అన్నం మాడి ముద్దయింది.