ఏడు గంటల అప్పగింత

మర్డాక్ మెకాస్కిల్ మా వార్డులో చేరిన రోజు ఒక్క నర్సునీ ఊరికే వదల్లేదు. బీపీ చూడ్డానికి ఎవరు వెళ్లినా, "నువ్వెవరి కూతురివే?" అని మొదలుపెట్టేవాడు. తండ్రి పేరు చెబితే తాత పడవకి ఏ రంగు వేయించాడో చెప్పేవాడు. కెనడాలోని మా కేప్ బ్రెటన్ తీరంలో అతనికి తెలియని ఇల్లు లేదు. లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల వేటతో బతికిన మనిషి. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చాడు.

భార్య విల్డా మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకునేది. "మీరేం మాట్లాడరా?" అని నేనడిగితే, "మా ఇద్దరి వాటా మాటలూ ఆయనే మాట్లాడేస్తాడమ్మా. నాకేం మిగులుస్తాడు?" అంది. మర్డాక్ పొట్ట పట్టుకుని నవ్వి, నొప్పి పుట్టి నన్నే తిట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు నాకు సెలవు. ఆ రోజు జరిగింది నేను తర్వాత విన్నదే.

మధ్యాహ్నం దాటాక మర్డాక్ మాట్లాడటం మానేశాడు. విల్డా పగటి నర్సు దగ్గరికి వెళ్లి చెప్పింది. "ఈయన ఈయనలా లేడమ్మా." నర్సు వచ్చి చూసింది. బీపీ, నాడి కొంచెం అటూ ఇటూగా ఉన్నా భయపడాల్సినంత లేవు. "నొప్పి మందు మగతండీ. పడుకోనివ్వండి" అని, పిలుస్తున్న మరో మంచం వైపు పరుగెత్తింది.

సాయంత్రం ఏడింటికి డ్యూటీ మారుతుంది. అప్పట్లో మా పద్ధతి ఏమిటంటే, ఏడయ్యేసరికి చూడ్డానికి వచ్చినవాళ్లనందరినీ కిందికి పంపేయాలి. నర్సులందరూ వెనక గదిలో తలుపు వేసుకుని, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకి రోగుల సంగతులు అప్పగించాలి. విల్డా కదలనంది. "అరగంటే కదండీ, కాస్త టీ తాగి రండి" అని నచ్చజెప్పి పంపారు. ఆ గదిలో మర్డాక్ బీపీ చెప్పారు, మందులు చెప్పారు. భార్య అన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. బీపీ చెప్పడానికి ఒక చోటుంది కానీ, ఆ మాట చెప్పడానికి మా అప్పగింతలో చోటు లేదు.

రాత్రి డ్యూటీకి వచ్చిన జోసెట్ బూడ్రో ఆ వెనక గదిలోంచి బయటపడి ముందు అతని దగ్గరికే వెళ్లింది. ఒళ్లంతా చెమట, మొహం బూడిద రంగు, పొట్ట రాయిలా గట్టిపడి ఉంది. లోపల రక్తం పోతోంది. డాక్టర్ని కేకేసి, మంచాన్ని తనే తోసుకుంటూ ఆపరేషన్ గది దాకా వెళ్లింది. మర్డాక్ అక్కడే పోయాడు. విల్డా పైకి వచ్చేసరికి మంచం ఉండాల్సిన చోట ఆమె ఊలు సంచి, కుర్చీ మాత్రమే ఉన్నాయి.

విచారణ జరిగింది. అది తేలేదాకా ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని లాయర్లు కట్టడి చేశారు. జోసెట్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా వార్డు మానేసి, పక్క ఊళ్లో రక్తపరీక్షల కేంద్రంలో చేరిపోయింది. "ఆ మంచంలో ఎవరు పడుకున్నా నాకు ఆయనే కనిపిస్తున్నాడు" అంది నాతో.

వసంతంలో, విచారణ ముగిశాక, ఆస్పత్రి పెద్దలు విల్డాని సమావేశానికి పిలిచారు. తిడుతుందని అందరూ తలలు దించుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఆమె కోటు కూడా విప్పలేదు.

"ఆయన మాట్లాడకపోతే అదెంత పెద్ద జబ్బో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. సరిగ్గా ఆ వేళకి నన్ను గెంటేశారు. మీ ఏడు గంటల మాటలేవో మంచం దగ్గరే మాట్లాడుకోండి. మమ్మల్ని కూర్చోనివ్వండి. నేనడిగేది ఇంతే."

ఆ పద్ధతి తీసుకొచ్చే పని నాకు అప్పగించారు. మా వార్డులో ఎంత గొడవయిందని! "ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ పోతే, ఇంటికెళ్లేసరికి మా పిల్లలు నన్ను గుర్తుపట్టరు" అని ఒకామె. "పక్క మంచం వాళ్లు వినరూ?" అని ఇంకొకామె. "ఈ ఊళ్లో పక్క మంచానికి తెలియని సంగతి నువ్వు కొత్తగా ఏం చెప్తావు తల్లీ!" అని మూడో ఆమె. నవ్వులు నవ్వులుగానే ఉన్నా వాళ్ల భయం నిజమే. చివరికి కుదుర్చుకున్నాం. పక్కన ఎవరుండాలో రోగే చెప్పాలి. గుట్టు మాటలు ముందే విడిగా చెప్పుకోవాలి. కొత్త నర్సు గాయాన్నీ డ్రిప్పునీ కళ్లారా చూసుకోవాలి. వెళ్లే ముందు ఇంటి మనిషిని ఒక్క ప్రశ్న అడగాలి.

నర్సులకి ఈ పద్ధతి నేర్పే ప్రతిసారీ విల్డా వచ్చేది. ఒకనాడు నేను ఆమెని ఇంటి దగ్గర దింపుతుంటే, కారు దిగకుండా కూర్చుండిపోయింది. రేవులో పడవలు మర్నాటి వేటకి ముస్తాబవుతున్నాయి. వాటివైపు చూస్తూనే అడిగింది.

"మార్నా, నన్ను కిందికి పంపాక... ఏమైనా మాట్లాడాడంటావా?"

"నాకు తెలీదు విల్డా గారూ. తెలిసిన మనిషి ఒకరున్నారు."

"అడగాలంటే భయమే. అడక్కుండా నిద్రా పట్టదు. పక్క మీద చెయ్యి చాపితే దుప్పటి చల్లగా తగుల్తుంది. అప్పుడు అదే ఆలోచన."

విచారణ అప్పటికే ముగిసింది కదా. మాట్లాడొద్దన్న కట్టడీ పోయింది. నేను జోసెట్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, శిక్షణకి రమ్మన్నాను. వస్తానని కానీ రానని కానీ అనలేదు.

తర్వాతి శిక్షణకి ఖాళీ గదిలో నేను రోగినై మంచమెక్కాను. విల్డా భార్యగా కుర్చీలో కూర్చుంది. ఇద్దరు కొత్త నర్సులు అప్పగింత నడిపిస్తున్నారు. అప్పుడే తలుపు దగ్గర జోసెట్ వచ్చి నిలబడింది. విల్డా వీపు అటు ఉంది. చూడలేదు.

వచ్చే నర్సు వేషం వేసిన పిల్ల, నేర్పినట్టే కుర్చీ ముందు వంగి అడిగింది. "మేం చూడనిది మీరు చూసింది ఏమైనా ఉందా అమ్మా?"

విల్డా ఆ ప్రశ్నని చాలాసార్లు విన్నదే. ఎప్పుడూ ఏదో ఒక కల్పించిన జవాబు చెప్పేది. ఆ రోజు మాత్రం ఏదీ కల్పించలేదు.

"ఈయన మాట్లాడటంలేదు" అంది. "సూప్‌లో చేప తగ్గిందని గొడవ కూడా పెట్టలేదు. నా వంక చూస్తున్నాడు, నేనెక్కడో దూరంగా ఉన్నట్టు చూస్తున్నాడు. వచ్చి చూడండమ్మా. దయచేసి ఇప్పుడే చూడండి."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. జోసెట్ నడిచి వచ్చి కుర్చీ పక్కన నేల మీద మోకరిల్లింది.

"నేనే జోసెట్‌ని. ఆ రోజు ఆయన దగ్గరున్నది నేనే."

విల్డా ఆమె మొహాన్ని చాలాసేపు చూసింది. "ఏమన్నాడు?"

"'విల్డా ఏది?' అన్నారు. కింద టీ తాగుతున్నారు, పిలిపిస్తానన్నాను. 'వద్దులే, తాగనీ. పొద్దుట్నుంచీ దానికి నడుం వాల్చే తీరికే లేదు' అన్నారు."

"తర్వాత?"

"నా చెయ్యి పట్టుకుని, 'మళ్లీ చేతి తొడుగులు మర్చిపోయావా?' అన్నారు. నన్నే అన్నారనుకున్నాను. కానీ చల్లబడినవి నా చేతులు కావు, ఆయనవే."

విల్డా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. "నన్నేనమ్మా అన్నది. ఏ చలికాలమూ గుర్తుంచుకోను. నా చేతులు తన కోటు జేబులో పెట్టుకుని నడిపించేవాడు."

"మిమ్మల్ని పిలవాల్సింది."

"పిలవాల్సిందే. పిలిస్తే మెట్లన్నీ ఎగిరి వచ్చేదాన్ని." చెయ్యి చాచి జోసెట్ తల నిమిరింది. "అయినా నా చెయ్యే అనుకున్నాడు కదా. అలాగే పోయాడు. అది నీ పుణ్యమే తల్లీ."

ఆకులు రాలే కాలానికల్లా వార్డంతటా అప్పగింత మంచం దగ్గరికి వచ్చేసింది. జోసెట్ రక్తపరీక్షల ఉద్యోగం వదల్లేదు కానీ, శిక్షణ ఉన్న రోజుల్లో వచ్చి కొత్తవాళ్లకి నేర్పేది. చలి మొదలయ్యాక ఒక సాయంత్రం, తుంటి ఆపరేషనైన ముసలావిడ పక్కన కూర్చున్న కూతురు, నర్సు అడగ్గానే చెప్పింది. "అమ్మ గ్లాసు ఎడం చేత్తో అందుకుంటోందండీ. అలవాటు కుడి చెయ్యి." నర్సులిద్దరూ మొహామొహాలు చూసుకుని వెంటనే డాక్టర్ని పిలిచారు. మెదడులో రక్తం గడ్డకట్టడం అప్పుడే మొదలైంది. సమయానికి వైద్యం అందింది. ఆవిడ వారం తిరక్కుండా కుడి చేత్తోనే చెంచా పట్టుకుంది.

ఈ కబురు విని విల్డా ఆస్పత్రికి వచ్చింది. నడవాలో నిలబడి తలుపు అద్దంలోంచి ఆ తల్లీకూతుళ్లని చూసింది. కూతురు తల్లి జుట్టు దువ్వుతోంది. ఇద్దరూ ఏదో విషయం మీద కీచులాడుకుంటున్నారు.

"లోపలికి రండి, పరిచయం చేస్తాను. మీవల్లే కదా ఇదంతా" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"సంతోషమేనమ్మా. దేవుడు చల్లగా చూడాలి వాళ్లని. కానీ ఉన్నమాట చెప్తున్నా, ఆ పిల్ల కూర్చున్న కుర్చీ చూస్తే నాకు కుళ్లుగా ఉంది."

ఆమె అద్దం మీద నుదురు ఆనించి, లోపల వాళ్ల కీచులాట అయిపోయేదాకా అలాగే నిలబడింది.