ఇద్దరినీ ఎరిగిన నీలిపెట్టె

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ పెట్టెను. విజయవాడ దగ్గర ఓ చిన్న కర్మాగారంలో పుట్టాను. బయట రోళ్లు పగిలే ఎండ కాసినా లోపలి చల్లదనం జారిపోకుండా చూడటమే నా పని.

మొదట పల్నాడులో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. టీకా మందులు మోసేదాన్ని. ఏ ఊరు వెళ్లినా అరుగు మీద నాకు జాగా చేసేవారు. ఆ మర్యాదకి అలవాటుపడి కాస్త గర్వం కూడా పెంచుకున్నాను. కొన్నేళ్లకి కొత్త పెట్టెలు వచ్చాయి. నన్ను గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబుకి ఇచ్చేశారు. అక్కడ టెక్నీషియన్ హైమావతి నన్ను శుభ్రంగా కడిగి, మూత మీద ఒక చీటీ అంటించింది. ఇకమీదట నేను మోయబోయేది మనుషుల మలమని, ఆ చీటీ చదివి పక్కకి తప్పుకునేవాళ్లను చూశాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ పని ఎవరి కోసమో డాక్టర్ సుభాషిణి గారి గదిలో తెలిసింది. ఎదురుగా షేక్ ఖాదర్ వలీ గారు, పక్కన ఆయన భార్య మస్తాన్‌బీ కూర్చుని ఉన్నారు. ఆయన నాదస్వర విద్వాంసులు. మూత్రపిండంలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇంజెక్షన్లు నాలుగు నెలలుగా ఇస్తున్నా గడ్డలు తగ్గలేదు. నాదస్వరం అటుంచి, నాలుగు మాటలు మాట్లాడితేనే ఆయనకి ఆయాసం వస్తోంది.

"మన పేగుల్లో కంటికి కనపడని జీవాలు కోట్లలో ఉంటాయండీ," అన్నారు డాక్టరు గారు. "ఒంట్లోని రక్షణ కణాలకి కొంత నేర్పేది అవే. ఆమధ్య నిమోనియాకి మీరు వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడారు. దాంతో మంచివి కూడా చాలా పోయి ఉంటాయి. ఇదే జబ్బుకి ఇదే మందు బాగా పనిచేసిన మనిషి మలం నుంచి ఆ జీవాలు తీసి, శుద్ధిచేసి, గుళికలుగా ఇస్తాం. పనిచేస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. ఇది ఇంకా పరీక్ష దశలోనే ఉంది."

"ఎవరివో అడగొచ్చా అమ్మా?" అన్నారాయన.

"చెప్పకూడదండీ. నియమం."

"మంచి మనిషేనా?"

"ఆ పరీక్ష మా దగ్గర లేదండీ," అని డాక్టరు గారు నవ్వారు. చాలా రోజుల తర్వాత మస్తాన్‌బీ కూడా నవ్వింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందుగా పుచ్చుకుంటే తప్పులేదని మసీదులో పెద్దాయన్ని అడిగి తెలుసుకుని, మూడోనాడు ఖాదర్ వలీ గారు సంతకం పెట్టారు.

ఇచ్చే మనిషి కోటేశ్వరమ్మ. పొన్నూరు రోడ్డు పక్కన ఆకుకూరల మళ్లు చేస్తుంది. రెండేళ్ల కిందట ఇదే క్యాన్సర్ వచ్చి, ఇదే మందుతో తేరుకుంది. హైమావతి నన్ను పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి, నానా తంటాలు పడి సంగతి చెప్పింది.

కోటేశ్వరమ్మ చాలాసేపు తేరిపార చూసింది. "నా మడిలో తోటకూరుంది, గోంగూరుంది. ఏది కావాలో అడుగు తల్లీ, కోసిస్తాను. ఇదేం అడగడం?"

"మందు పనిచేయని మనిషి ఒకాయన ఉన్నారు పిన్నిగారూ. మీకు తగ్గింది కదా, మీ నుంచి తీసుకుంటే ఆయనకీ తగ్గుతుందేమోనని ఆశ."

ఆవిడ కొంగుతో చేతి మట్టి తుడుచుకుంది. తను ఇంజెక్షన్లకి వచ్చిన రోజులు గుర్తొచ్చినట్టున్నాయి. "పొద్దున్నే ఎన్నింటికి రావాలి?" అంది చివరికి.

రకరకాల రక్తపరీక్షలు చేశారు, ఏం తింటుందో రాసుకున్నారు. తర్వాత వారానికి రెండుసార్లు వచ్చేది. మొదటిరోజు డబ్బా నాలో పెట్టి, తల తిప్పుకుని వెళ్లిపోయింది. నెల తిరిగేసరికి, హైమావతి అయిదు నిమిషాలు ఆలస్యమైతే కసురుకునే దాకా వచ్చింది. నేను ఆ డబ్బాను ల్యాబుకి మోసేదాన్ని. తయారైన గుళికలను మంచులో పెట్టుకుని వార్డుకీ మోసేదాన్ని. మనుషులకి ఇంత అసహ్యమైన వస్తువు, గుళికలోకి ఎక్కేసరికి రెండు చేతులా అందుకునే మందైపోవడం చూసి నాకు నవ్వొచ్చేది.

ఖాదర్ వలీ గారు కళ్లు మూసుకుని ఒక్కొక్కటే మింగేవారు. మధ్యలో ఆపిన ఇంజెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. మూడు నెలలకి స్కాన్ తీశారు. డాక్టరు గారు తెర మీది బొమ్మను రెండుసార్లు చూసి, "సగానికి పైగా తగ్గాయి," అన్నారు. ఆయన గుండెల నిండా గాలి పీల్చి, మెల్లగా వదిలారు. మస్తాన్‌బీ ఆ ఊపిరి ఆగేదాకా ఆయన ఛాతీ వైపే చూస్తూ కూర్చుంది.

అందరికీ ఇలా జరగలేదు. నేను మోసిన గుళికలు మింగిన ఏడుగురిలో నలుగురికి ఏ మార్పూ రాలేదు. వాళ్ల గదుల నుంచి ఖాళీగా తిరిగొచ్చిన దారి నేను మరిచిపోలేదు.

ఒకరోజు కోటేశ్వరమ్మ, ఖాదర్ వలీ గారు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ మామూలు పరీక్షలకే వచ్చారు. ఆయన నాదస్వరం వాయిస్తారని తెలిసి, "వచ్చే నెల మా మనవరాలి పెళ్లి. మీరొచ్చి వాయించాలి," అందావిడ. "ఇప్పుడు గంటసేపు ఊదగలను. వస్తానమ్మా," అన్నారాయన. నన్ను పట్టుకుని అటుగా వెళుతున్న హైమావతి ఆగి, ఇద్దరినీ చూసి, నియమం గుర్తొచ్చి ముందుకు కదిలింది.

ఇప్పుడు నా మూత బీటలువారింది. చలి నిలవడం లేదని ల్యాబులో అటక మీద పెట్టారు. అక్కడికి మాటలన్నీ వినిపిస్తాయి. పెళ్లికి వెళ్లొచ్చిన హైమావతి డాక్టరు గారికి చెబుతోంది: ఆయన గంట కాదు, రెండు గంటలు వాయించారట. తర్వాత కోటేశ్వరమ్మ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, గోంగూర పచ్చడి తనే వడ్డిస్తూ, "కడుపునిండా తినండి. నేను మీకు పెట్టగలిగింది ఈ ముద్దే కదా," అందట.